ఫ్రిజ్ ఏ కంపెనీదో తర్వాత, రిపేరుకి ఎవరొస్తారో ముందు కనుక్కో

ప్రశ్న: బాబాయ్ గారూ, మాది గుంటూరు బ్రాడీపేట, ఇప్పుడు టెక్సస్‌లో డాలస్ పక్కన ఉంటున్నాం. ఇన్నాళ్లూ అపార్ట్‌మెంట్ కాబట్టి ఫ్రిజ్ వాళ్లదే, ఏం పాడైనా ఆఫీసుకి చెప్తే చూసుకునేవాళ్లు. ఇప్పుడు సొంతిల్లు కొన్నాం, బిల్డర్ స్టవ్ ఇచ్చాడు, డిష్‌వాషర్ ఇచ్చాడు, ఫ్రిజ్ మాత్రం మీదే అన్నాడు. రెండు వేల డాలర్ల లోపు అనుకుంటున్నాం. మా ఆయన తలుపు మీద స్క్రీన్ ఉన్నది కావాలంటున్నారు, ఫ్రెండ్స్ తలా ఒక బ్రాండ్ చెప్తున్నారు, రివ్యూలు చదివితే అన్నిటికీ తిట్లే. అత్తయ్య మామయ్య ఆరు నెలలుండటానికి వస్తున్నారు, అంటే ఆరుగురం. పదేళ్లు నమ్మకంగా పనిచేసే ఫ్రిజ్ ఏదో ఒక్క పేరు చెప్పండి చాలు. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా? గుంటూరులో అమ్మ వాళ్ల ఫ్రిజ్ కూడా ముసలిదైపోయింది, ఇక్కడ నుంచే ఆన్‌లైన్‌లో కొనెయ్యొచ్చా?

సమాధానం: అమ్మాయ్, ఒక్క పేరు చెప్పమన్నావు, సరిగ్గా ఆ ఒక్కటే నేను చెప్పను. ఎందుకంటే చెప్పినా నీకు ఉపయోగం లేదు. ఒకే కంపెనీ చేసిన మామూలు ఫ్రిజ్ పదిహేనేళ్లు నోరెత్తకుండా పనిచేస్తుంది, అదే కంపెనీ మూడు వేల డాలర్ల మోడల్ మూడో ఏడే మొండికేస్తుంది, రెండింటి మీదా స్టిక్కర్ ఒకటే. పైగా అక్కడ పేర్ల కథ వేరే ఉంది. విర్ల్‌పూల్, మేటాగ్, అమానా, కిచెన్‌ఎయిడ్ అన్నీ ఒకే ఇంటివి. జీఈ ఫ్రిజ్‌లు చేసే కంపెనీని 2016లో చైనా హైయర్ వాళ్లు కొన్నారు. ఫ్రిజిడేర్ అంటే ఎలక్ట్రోలక్స్ వాళ్లది. కాబట్టి ఒక ఫ్రెండ్ ఇది వద్దు అది కొను అన్నారంటే, ఆ రెండూ ఒకే చోట తయారై ఉన్నా ఉండొచ్చు.

రివ్యూలు కూడా ఎట్టా చదవాలో చెప్తా. ఐదు స్టార్లు ఇచ్చినవాళ్లలో చాలామంది డెలివరీ అయిన వారంలోనే రాస్తారు, అప్పటికి అందులో పాలు కూడా సరిగ్గా చల్లబడి ఉండవు. ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లు కోపంలో రాస్తారు. స్టార్లు వదిలెయ్, ఏడాది దాటాక రాసినవి మాత్రం వెతికి, అందులో ఏ పార్ట్ పోయిందని రాశారో చూడు. పదిమందిలో ఏడుగురు ఐస్ మేకర్ అనే రాస్తే ఆ ఫ్రిజ్‌లో ఐస్ మేకర్ బాలేదని, కంప్రెసర్ అని రాస్తే ఆ మోడల్ జోలికే పోవద్దని. డెలివరీ అబ్బాయి మర్యాదగా లేడు అన్న తిట్లకి లెక్కే లేదు, అవి దాటేసెయ్.

ఇక అసలు పని. ఫ్రిజ్ షాపుకి వెళ్లే ముందు మీ ఇంటి చుట్టుపక్కల ఫ్రిజ్‌లు రిపేర్ చేసే సొంత షాపు వాళ్లు, అంటే కంపెనీ వాళ్లు కాదు, ఇద్దరు ముగ్గురికి ఫోన్ చెయ్. ఏది కొనమంటారు అని అడక్కు, ఏ కంపెనీ ఫ్రిజ్ అయితే మీరు రిపేరుకి రారు అని అడుగు. ఈ ప్రశ్నకి నిజం బయటికొస్తుంది, ఎందుకంటే స్పేర్లు దొరకని వాటితో వాళ్లు పడ్డ తిప్పలు గుర్తొస్తాయి. తర్వాత ఇంకోటి, ఆ కంపెనీ బోర్డులు, ఫ్యాన్లు ఆర్డర్ పెడితే ఎన్ని రోజులకి వస్తాయి అని. ఇక్కడ మా విజయవాడ గవర్నర్‌పేటలో అయితే పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రానికి ఎవరో ఒకరు బండేసుకుని వచ్చేస్తారు, పార్ట్ లేకపోతే పక్క షాపులో ఇంకో కంపెనీది తెచ్చి ఎట్టాగో అమర్చేస్తారు. మీకక్కడ అట్టా కాదు. మనిషి గుమ్మం తొక్కి చూసినందుకే వంద డాలర్ల దాకా తీసుకుంటాడు, పార్ట్ తర్వాత, కూలి తర్వాత, ఈలోపు ఫ్రీజర్‌లో ఉన్నదంతా పోయినట్టే. కంపెనీ వాళ్ల సర్వీస్ కూడా ఊరిని బట్టి ఉంటుంది, కాలిఫోర్నియాలో ఉన్న ఫ్రెండ్‌కి రెండో రోజే వచ్చారంటే మీ జిప్ కోడ్‌కి కూడా అట్టాగే వస్తారని కాదు. అందుకే నా దృష్టిలో నమ్మకమైన ఫ్రిజ్ అంటే రెండే, లోపల పాడయ్యే సరంజామా తక్కువ ఉండాలి, పాడైతే బాగు చేసేవాడు దగ్గర్లో ఉండాలి.

సరంజామా అంటే ఏందో చెప్తా, ఇక్కడే అందరూ దెబ్బతినేది.

తలుపులోంచి ఐస్, నీళ్లు వచ్చే ఫ్రిజ్ ఉంది చూశావూ, అక్కడి రిపేర్లలో ఎక్కువ గొడవ దాంతోనే. ఫ్రెంచ్ డోర్ ఫ్రిజ్‌లో, అంటే పైన పక్కపక్కనే రెండు తలుపులుండే దాంట్లో, ఫ్రీజర్ కింద ఉంటుంది కదా, ఐస్ మాత్రం పైన తలుపులోంచి రావాలి. పైన ఉండేది 37 ఫారన్‌హీట్, మన లెక్కలో మూడు డిగ్రీల చలి, దాంట్లో నీళ్లు గడ్డకట్టవు. అందుకని ఆ పై అరలోనే ఒక మూలకి చిన్న డబ్బా కట్టి, దానికి విడిగా ఫ్రీజర్ చలి తీసుకొచ్చే దారి పెట్టి, మోటారు పెట్టి, నీళ్ల గొట్టం పెట్టి, హీటర్ పెట్టి, ఇంత తతంగం. తడి గాలి ఏ సందులోంచో ఆ డబ్బాలోకి దూరిందా, లోపలంతా మంచు పేరుకుని బిగుసుకుపోతుంది, ఐస్ రాదు, ఇక హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని కూర్చోవడమే. ఇది ఒక్క కంపెనీ జబ్బు కాదు, ఆ ఏర్పాటులోనే ఉంది. ఐస్ కావాల్సిందే అంటే కింద ఫ్రీజర్ లోపల ఐస్ మేకర్ ఉన్నది తీసుకో, అది గడ్డకట్టే చోటే ఉంటుంది కాబట్టి గొడవ తక్కువ. నీళ్ల లైన్ ఇస్తే మాత్రం గోడ దగ్గర్నుంచి వచ్చే గొట్టం ప్లాస్టిక్‌ది కాకుండా స్టీలు అల్లిక ఉన్నది వెయ్యమను. చెక్క ఫ్లోరింగ్ కింద నెలల తరబడి చుక్కచుక్క కారిందంటే ఫ్రిజ్ కంటే ఫ్లోర్‌కి ఎక్కువవుతుంది. ఫిల్టర్ కూడా ఆర్నెల్లకోసారి మార్చాలి, ఆ ఖర్చు ఎవరూ లెక్కలో వేసుకోరు. అసలు మన ఇళ్లలో ఐస్ ఎంత వాడతారమ్మా, ఎవరన్నా వచ్చినప్పుడు తప్ప?

స్క్రీన్ సంగతి మీ ఆయనకి నేను చెప్పానని చెప్పు. ఫ్రిజ్ పదేళ్లు ఉండాలంటున్నారు, ఐదేళ్ల కిందటి ఫోను ఇప్పుడు ఎట్టా పనిచేస్తోందో ఆయనకే తెలుసు, ఆ తలుపు మీదది కూడా అట్టాంటిదే. సాఫ్ట్‌వేర్ ఆపేశారనుకో, తలుపుకి నల్ల అద్దం మిగులుతుంది. ఆ డబ్బుతో గోడకి టీవీ కొనుక్కోమను. వైఫై మాత్రం ఉంటే ఉండనీ, తలుపు తీసి మర్చిపోతే ఫోన్‌కి చెప్తుంది, అంతవరకు పనికొస్తుంది.

ఇంక మోడల్ గురించి. నన్ను నా కోసం కొనుక్కోమంటే పైన ఫ్రీజర్ ఉన్న మామూలు టాప్ ఫ్రీజర్ కొంటా, అన్నిటికంటే చవక, పాడయ్యేది తక్కువ, కరెంటు కూడా తక్కువ. ప్రతి ఫ్రిజ్ మీదా పసుపు రంగు ఎనర్జీ గైడ్ లేబుల్ ఉంటుంది, ఏడాదికి ఎన్ని యూనిట్లో దాని మీద రాసి ఉంటుంది. టాప్ ఫ్రీజర్‌కి నాలుగొందల చుట్టూ కనిపిస్తే, పెద్ద ఫ్రెంచ్ డోర్, తలుపులో ఐస్ ఉన్నవాటికి ఏడొందల దాకా కూడా కనిపిస్తుంది. కానీ మీ ఇంటికి అత్తయ్యగారు వస్తున్నారు. టాప్ ఫ్రీజర్‌లో కూరగాయల డ్రాయర్ మోకాళ్ల కింద ఉంటుంది, కరివేపాకు రెబ్బ కావాలన్నా వంగాలి. పెద్దవాళ్లు రోజుకి పదిసార్లు వంగే ఫ్రిజ్ కొని ఆర్నెల్లు ఆవిడ నడుం నెప్పి వినడం కంటే, ఫ్రీజర్ కింద ఉన్నది కొనుక్కోవడం మేలు. సైడ్ బై సైడ్ మాత్రం వద్దంటే వద్దు, నిలువునా సగానికి చీలిపోతుంది, మన ఇడ్లీ పిండి గిన్నె, పెద్ద పప్పు గిన్నె అడ్డంగా పట్టవు. షాపుకి వెళ్లేటప్పుడు నీ పిండి గిన్నె ఒకటి సంచిలో పెట్టుకెళ్లి అరలో పెట్టి చూడు, ఎవరన్నా చూసి నవ్వితే నవ్వనీ.

కాబట్టి మీ ఆరుగురికీ, మీ బడ్జెట్‌కీ, తలుపులో నీళ్లూ ఐసూ లేని, స్క్రీన్ లేని ఫ్రెంచ్ డోర్ గానీ ఒంటి తలుపు బాటమ్ ఫ్రీజర్ గానీ, 22 నుంచి 25 క్యూబిక్ అడుగులది. ఒక క్యూబిక్ అడుగు అంటే 28 లీటర్ల పైచిల్లర, మనవాళ్లకి లీటర్లలో చెప్తేనే అర్థమవుతుంది, 22 అంటే 620 లీటర్లు, గుంటూరులో అమ్మ ఫ్రిజ్‌కి రెండింతలు పైనే ఉంటుంది. కౌంటర్ డెప్త్ అని అమ్ముతారు, చూడ్డానికి గట్టుతో సమానంగా బాగుంటుంది కానీ లోతు తగ్గి ధర పెరుగుతుంది, ఆరుగురున్న ఇంటికి అది దండగ.

వాసన గురించి కూడా చెప్పాలి, ఇది అక్కడి సేల్స్‌మన్ చెప్పడు, వాళ్ల ఇళ్లలో వెల్లుల్లి ముద్ద, చేపల పులుసు, ఎండుమిరపకాయల కారం ఒకేసారి ఫ్రిజ్‌లో ఉండవు కాబట్టి. చాలా ఫ్రిజ్‌లలో చల్లబరిచే కాయిల్ ఒక్కటే, ఫ్రీజర్ వెనక ఉంటుంది, ఫ్యాన్ ఆ గాలినే కింద పైన అంతా తిప్పుతుంది, పులుసు వాసన ఐస్‌క్రీమ్‌కి పట్టేది అందుకే. రెండు ఇవాపొరేటర్లు, అంటే ఆ చల్లబరిచే కాయిల్స్ రెండు ఉన్న మోడల్స్‌లో ఫ్రీజర్ గాలి, ఫ్రిజ్ గాలి విడివిడిగా తిరుగుతాయి, వాసన కలవదు, ఆకుకూరలు కూడా తొందరగా వాడవు. బడ్జెట్‌లో దొరికితే ఈ ఒక్క సోకుకి మాత్రం డబ్బు పెట్టు. దొరక్కపోతే గట్టి మూతల డబ్బాలు కొనుక్కో, సగం పని అదే చేస్తుంది.

నేను మా అమ్మాయి దగ్గరికి వచ్చి ఉన్నప్పుడు, ఈయన ఫ్రిజ్ మెకానిక్ అని తెలియగానే అక్కడి తెలుగువాళ్లు భోజనానికి పిలిచి ముందు వంటింట్లోకే తీసుకెళ్లేవాళ్లు. అట్టా ఒకళ్లింట్లో ఫ్రీజర్‌లో ఐస్‌క్రీమ్ రాయిలా ఉంది, పైన పెరుగు మాత్రం పులిసిపోతోంది. గ్యాస్ పోయింది, కొత్తది కొనుక్కోమని ఎవరో చెప్పి వెళ్లారంట. గ్యాస్ పోతే ఫ్రీజర్ కూడా చల్లగా ఉండదు కదా. ప్లగ్ తీసి ఫ్రీజర్ వెనక పలక నాలుగు స్క్రూలు విప్పితే కాయిల్ కనపడట్లా, మంచు గోడ కట్టేసింది, గాలి పోయే దారి మొత్తం మూసుకుపోయింది. రోజూ కొద్దిసేపు వెలిగి ఆ మంచు కరిగించే డీఫ్రాస్ట్ హీటర్ తెగిపోయింది, అంతే. హీటర్ ఆన్‌లైన్‌లో తెప్పించి వేశాం, కొత్త ఫ్రిజ్ ధరలో పదో వంతు కూడా కాలేదు. ఫ్రీజర్ బాగుండి ఫ్రిజ్ చల్లబడకపోతే ముందు డీఫ్రాస్ట్, ఫ్యాన్, మధ్యలో గాలి వదిలే డ్యాంపర్ చూడమను, వచ్చినతను చూడగానే గ్యాస్ అంటే ఇంకొకరిని పిలువు. కూరగాయల డ్రాయర్ కింద నీళ్లు నిలిస్తే అది వేరే, మంచు కరిగిన నీళ్లు పోయే కన్నం మూసుకుపోయినట్టు, గోరువెచ్చని నీళ్లు పోస్తే సరిపోతుంది.

వారంటీకొస్తే, పదేళ్ల కంప్రెసర్ వారంటీ అని పెద్ద అక్షరాలతో రాస్తారు చూడు, అది చదివి ఫ్రిజ్ మొత్తానికి పదేళ్లనుకుంటారు. చాలా కంపెనీలవి మొదటి ఏడాది అన్నిటికీ, తర్వాత గ్యాస్ తిరిగే లైన్ వరకు కొన్నేళ్లు, ఆ తర్వాత ఉత్త కంప్రెసర్ ముక్కకి మాత్రం, దాన్ని మార్చే కూలి, గ్యాస్ నీవే. ఆ కూలే ఎక్కువ. కాస్ట్‌కో అని మెంబర్లకే అమ్మే పెద్ద షాపు ఉంది కదా, దాని కార్డు ఉంటే అక్కడ కొనడం గురించి ఆలోచించు, పెద్ద సామాన్లకి వారంటీ రెండేళ్లకి పెంచుతారు, 90 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారు. కొన్ని క్రెడిట్ కార్డులు కూడా ఇంకో ఏడాది కలుపుతాయి, నీ కార్డు రూల్స్ చూసుకో. తలుపులో ఐస్ లేని మామూలు ఫ్రిజ్‌కి విడిగా ఎక్స్‌టెండెడ్ వారంటీ నేనైతే కొనను. మీ ఆయన మాట నెగ్గి ఆ స్క్రీన్‌దే వచ్చిందనుకో, అప్పుడు కళ్లు మూసుకుని ఐదేళ్లది కొనెయ్. సేల్ కోసం ఆగగలిగితే మెమోరియల్ డే, జూలై నాలుగు, లేబర్ డే, బ్లాక్ ఫ్రైడే, ఈ నాలుగు సమయాల్లో ధర బాగా దిగుతుంది.

కొలతలు ఫ్రిజ్ పెట్టే చోటు ఒక్కటే తీసుకుంటే చాలదు, గుమ్మం, మలుపు కూడా కొలువు. తలుపు గోడ పక్కకి వస్తే పూర్తిగా తెరుచుకోదు, పూర్తిగా తెరుచుకోకపోతే లోపల డ్రాయర్ బయటికి రాదు, ఇది బిగించాక గానీ తెలీదు. పైనా వెనకా ఒక అంగుళమన్నా గాలి ఆడాలి. పడుకోబెట్టి తెస్తే వెంటనే ఆన్ చెయ్యనివ్వకు, కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాలి, కంప్రెసర్‌లో నూనె కిందకి దిగాలి. ఆన్ చేసిన రోజే అత్తయ్యగారి సామానంతా సర్దెయ్యొద్దు, ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ పెట్టి మధ్య అరలో ఉంచు, మర్నాటికి 40 ఫారన్‌హీట్ లోపు, ఫ్రీజర్ సున్నా ఫారన్‌హీట్ దగ్గర ఉంటే అప్పుడు సర్దు. ఆదివారం ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చినవన్నీ వెనక గోడకి ఆనేలా కుక్కితే గాలి వచ్చే కన్నాలు మూసుకుపోతాయి, గోంగూర కట్ట ఒకవైపు గడ్డకడుతుంది, ముందున్న పాలు విరుగుతాయి, ఫ్రిజ్‌ని తిడతాం. ఆవకాయ జాడీ తీసేటప్పుడు తలుపు రబ్బరుకి నూనె అంటుతుంది, తుడవకపోతే అక్కడ గట్టిపడి చలి కారిపోతుంది, ఒక డాలర్ నోటు తలుపులో పెట్టి మూసి లాగు, తేలిగ్గా వచ్చేస్తే ఆ రబ్బరు పట్టట్లేదని. అసలు ఆవకాయకి ఫ్రిజ్ ఎందుకో నాకు తెలీదు, అత్తయ్యగారిని అడుగు. కింద కండెన్సర్, అంటే వేడిని బయటికి వదిలే కాయిల్ మీద దుమ్ము ఏడాదికోసారన్నా బ్రష్షుతో దులుపు, ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే ఆర్నెల్లకే. ఉరుములు మెరుపులు మీ వైపు ఎక్కువ, ఇన్వర్టర్ కంప్రెసర్లకి, అంటే వేగం మార్చుకుంటూ తిరిగేవాటికి, బోర్డు పోయేది చాలాసార్లు ఆ దెబ్బకే, ఎలక్ట్రీషియన్‌తో మెయిన్ ప్యానెల్‌కి సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించు.

ఇంక అమ్మ ఫ్రిజ్. అక్కడ నుంచి సామాను ఏదీ పంపే ఆలోచన పెట్టుకోవద్దు, మీ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్, మనది 230, 50. ఆన్‌లైన్‌లో నువ్వే కొనెయ్యొచ్చు, గుంటూరు అడ్రస్‌కి వచ్చేస్తుంది, కాదనను. కానీ సొట్టతో వచ్చిందనుకో, పాతది తీసుకెళ్లకుండా గుమ్మంలో దింపి వెళ్లారనుకో, యాప్‌లో ఫొటోలు అప్‌లోడ్ చెయ్యమంటే నాన్నగారు చెయ్యగలరా? ఊళ్లోనే షాపులో ఫోన్‌లో మాట్లాడి మోడల్ ఖాయం చేసి, డబ్బు నువ్వు పంపి, బిల్లు నాన్నగారి పేరు మీద రాయించు. వెయ్యీ రెండు వేలూ ఎక్కువైనా షాపువాడి మనిషి వస్తాడు, పాతది ఎక్స్‌చేంజ్‌లో పట్టుకుపోతాడు. ఇద్దరే కాబట్టి 250 లీటర్ల దగ్గర ఫ్రాస్ట్ ఫ్రీ సరిపోతుంది. స్టార్ లేబుల్ మీద ఏ సంవత్సరందో చూడమను, 2023లో లెక్క బిగించారు, పాత లేబుల్‌లో ఐదు స్టార్లున్నది కొత్త లెక్కలో తగ్గొచ్చు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు మనది, వెనక ప్లేటు మీద క్లైమేట్ క్లాస్ టి అని ఉంటే 43 డిగ్రీల వేడిలో కూడా పనిచేసేలా చేశారని, ఉత్త ఎన్ అయితే 32 వరకే. స్టవ్ పక్కన, పడమటి ఎండ తగిలే గోడకి పెట్టనివ్వకు. స్టెబిలైజర్ అక్కర్లేదని రాసినా ఏ వోల్టేజ్ నుంచి ఏ వోల్టేజ్ దాకానో చదివించు, మీ వీధిలో లైట్లు మినుకుమంటుంటే టైమ్ డిలే ఉన్న స్టెబిలైజర్ పెట్టించడమే నయం, కరెంటు పోయి వెంటనే వస్తే మామూలు కంప్రెసర్ మూడు నాలుగు నిమిషాలు ఆగి మొదలవ్వాలి. రాత్రిపూట కరెంటు ఆదా అని ఫ్రిజ్ స్విచ్ ఆపే అలవాటు పెద్దవాళ్లకి ఉంటుంది, నాన్నగారికి ఉందేమో అడుగు, ఉంటే మాన్పించు, ఆదా పెద్దగా ఏమీ ఉండదు, పొద్దున్నే మళ్లీ చల్లబరచడానికి అందులో చాలావరకు లాగుతుంది.

మీ ఫ్రిజ్ కొనే ముందు రెండు మూడు మోడల్ నంబర్లు అనుకుని పంపు, లోపల ఎన్ని ఇవాపొరేటర్లు, ఐస్ మేకర్ ఎక్కడ పెట్టారో చూసి చెప్తా. షాపులో ఉన్నప్పుడు తలుపు తీసి లోపలి గోడ మీద స్టిక్కర్ ఫొటో తీస్తే చాలు, నంబర్ దాని మీదే ఉంటుంది.